ఫేస్‌బుక్ పేజీలో మెనూ బాక్స్: ఇప్పుడున్న దారి

అన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ కర్రీ పాయింట్ పేజీకి మెనూ, రేట్లతో సొంత హెచ్‌టీఎంఎల్ బాక్స్ పెడదామంటే, పాత వీడియోలో చెప్పిన 'స్టాటిక్ ఎఫ్‌బీఎంఎల్' (పేజీలో సొంత కోడ్ పెట్టుకోనిచ్చిన పాత ఫేస్‌బుక్ యాప్) దొరకట్లేదన్నారు కదా. అది ఇక దొరకదు. ఆ యాప్ వాడిన ఎఫ్‌బీఎంఎల్ అనే తన సొంత కోడ్ భాషను ఫేస్‌బుక్ 2012లోనే ఆపేసింది. ఇప్పుడు పేజీలో నేరుగా కోడ్ అతికించే చోటు లేదు. పెట్టిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, అడ్మిన్ యాక్సెస్ అసలే ఇవ్వకండి.

మీరు రాసుకున్న కోడ్ మాత్రం వృథా కాదు. దాన్నే చిన్న వెబ్‌పేజీగా ఏదైనా హోస్టింగ్‌లో (వెబ్‌పేజీని ఆన్‌లైన్‌లో ఉంచే సర్వీస్) పెట్టి, ఆ లింక్‌ను మీ పేజీలోని బటన్‌కు ఇవ్వండి. అదే లింక్‌తో ఒక పోస్ట్ వేసి పైన పిన్ చేయండి. మీ దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, కాబట్టి ముందు ఫోన్‌లో తెరిచి, రేట్లు జూమ్ చేయకుండా కనిపిస్తున్నాయా చూసుకోండి.

లింక్ కింద ఫొటో పెద్దగా రావాలంటే కోడ్‌లో 'ఓజీ ఇమేజ్' (og:image, లింక్‌తో ఏ ఫొటో చూపించాలో ఫేస్‌బుక్‌కు చెప్పేది) ట్యాగ్ పెట్టి 1200 x 630 పిక్సెల్స్ ఫొటో ఇవ్వండి. గోంగూర మటన్ రేటు మార్చాక కూడా పాత ఫొటోనే వస్తుంటే టెన్షన్ పడకండి. ఫేస్‌బుక్ 'షేరింగ్ డీబగ్గర్'లో (లింక్ ఎలా కనిపిస్తుందో చూపించే ఫేస్‌బుక్ టూల్) లింక్ వేసి 'స్క్రేప్ అగైన్' నొక్కండి, కొత్తది తీసుకుంటుంది.