ఇంగ్లండ్ పల్లె చర్చి పాత రిజిస్టర్‌లో కనిపించేది పుట్టిన తేదీయేనా?

కాదు, అది చాలావరకు బాప్తిస్మం ఇచ్చిన తేదీ. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో ఈ పుస్తకాలు మొదలయ్యాయి. వాటిలో రాయాల్సింది చర్చిలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలే. జననాల నమోదును ప్రభుత్వం చేపట్టింది 1837 జూలైలో.

అసలు చిక్కంతా సంవత్సరంతోనే. 1752కు ముందు అక్కడ కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. లింకన్‌షైర్‌లోని కోల్‌స్టర్‌వర్త్ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) ఐజాక్ న్యూటన్ 1642 డిసెంబర్ 25న పుట్టాడు, జనవరి 1న బాప్తిస్మం. తేడా వారమే. కానీ ఆనాటి లెక్కలో ఆ జనవరి కూడా 1642 కిందికే వస్తుంది. ఇది తెలియక, పుట్టకముందే బాప్తిస్మమేమిటి, రాసినవాడు పొరబడ్డాడని చాలామంది కొట్టిపారేస్తారు. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకు ఆనాటి లెక్క, నేటి లెక్క రెండు సంవత్సరాలూ చూపిస్తూ 1642/43 లాగా రాసుకోవాలి.