సీ లయన్ నిద్రలో అంతసేపు ఊపిరి తీసుకోకపోతే ప్రమాదమా?

అమెరికాలోని శాన్ డియేగోలో, లా హోయా సముద్రపు ఒడ్డున పడుకున్న సీ లయన్‌ని (సీల్ లాంటి సముద్ర జంతువు) వీడియో తీశామనీ, చాలాసేపు దాని డొక్క కదలకపోయేసరికి పిల్లలు చచ్చిపోయిందని ఏడుస్తున్నారనీ రాశారు. బతికే ఉందండి. హాయిగా నిద్రపోతోంది.

సరిగ్గా అక్కడే నేనూ భయపడ్డాను కాబట్టి చెబుతున్నా. విజయవాడ సూర్యారావుపేటలో ఒక గుండె డాక్టరుగారి దగ్గర ఇరవై రెండేళ్ళు ఈసీజీలు తీశాను. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి వెళితే ఆ ఒడ్డుకి తీసుకెళ్ళాడు. అందరూ సముద్రం చూస్తుంటే నేను బండ మీద పడుకున్న ఒకదాని డొక్క చూస్తూ నిలబడ్డా. అలవాటు ఎక్కడికి పోతుంది? వాసన మాత్రం అడక్కండి, మన చేపల మార్కెట్టే నయం.

దాని ముక్కు రంధ్రాలు గీతలు గీసినట్టు మూసుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి గుండ్రంగా తెరుచుకున్నాయి. ఫుస్సుమని వదిలింది, వెంటనే పీల్చింది, మళ్ళీ మూసేసింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. తర్వాత వాచీ చూసుకుంటూ పాతిక దాకా లెక్కపెట్టినా కదలిక లేదు. నాకు చెమటలు పట్టాయి. అంతలో మళ్ళీ ఫుస్సు!

తేడా ఎక్కడుందంటే, మనం పీల్చి, వదిలి, ఆ వదిలిన దగ్గర కాస్త ఆగుతాం. అవి వదిలి, పీల్చి, ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు ఆగుతాయి. పైగా ఒక్క శ్వాసలో మనకంటే చాలా ఎక్కువ వంతు గాలి మార్చేసుకుంటాయి, అందుకే తొందర ఉండదు. ముక్కు మూసి ఉండటం వాటికి మామూలు స్థితి, తెరవడానికే కండరం పనిచేయాలి. నీళ్ళలో బతికే జంతువుకి అదే కదా కావాల్సింది.

గుండె సంగతి నాకు ఇంకా నచ్చింది. విశ్రాంతిలో దాని గుండె సగటున నిమిషానికి 50, 60 మధ్య కొట్టుకుంటుంది, కానీ గడియారంలా సమంగా కాదు. ఊపిరి తీసుకున్నప్పుడు వేగం పెరుగుతుంది, ఆపి ఉన్నంతసేపూ నెమ్మదిస్తుంది. మీరు వీడియో తీసిన ఊళ్ళోనే ఉన్న స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సముద్రంలో వేటకెళ్ళిన ఆడ సీ లయన్లకి పరికరాలు కట్టి చూశారు. లోతుకి, ఎక్కువసేపు మునిగినప్పుడు గుండె నిమిషానికి 10 లోపుకి కూడా దిగిందని 2014లో ప్రచురించారు. మా క్లినిక్‌లో ఎవరికైనా ఆ అంకె వచ్చుంటే అందరం పరుగులే.

అసలు నేనొకసారి పరుగెత్తాను కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, పద్నాలుగేళ్ళుంటాయి, ఆటల సర్టిఫికెట్ కోసం. కాగితం మీద గీతలు రెండు దగ్గరగా, రెండు దూరంగా పడుతున్నాయి. ఆ కాగితం చేత్తో పట్టుకుని డాక్టరుగారి గదిలోకి తలుపు కొట్టకుండా దూరిపోయా. ఆయన ఒక్క చూపు చూసి, "వాణ్ణి ఊపిరి బిగబట్టమని మళ్ళీ తియ్యి" అన్నారు. తీస్తే గీతలన్నీ సమానంగా వచ్చాయి. సైనస్ అరిథ్మియా అంటారు, పిల్లల్లో మామూలే. పీల్చేటప్పుడు, గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు సడలి గుండె వేగం పెరుగుతుంది, వదిలేటప్పుడు పట్టు బిగిసి తగ్గుతుంది. కుర్రాడికి ఏమీ కాలేదు, నాకే వాళ్ళమ్మ ముందు తిట్లు పడ్డాయి. సీ లయన్‌లో జరిగేదీ ఆ కోవలోదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున.

మరి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుందంటారా? తల అదేపనిగా ఊపడం, తూలడం, మూర్ఛలు రావడం చూడాలి. ఆ తీరంలో ఒక్కోసారి సముద్రపు నాచులో డొమోయిక్ ఆమ్లం అనే విషం పుడుతుంది. అది నెత్తళ్ళలాంటి చేపల్లోకి చేరి, వాటిని తిన్న సీ లయన్ల మెదడుకి ఎక్కుతుంది. అలాంటిది కనిపించినా దగ్గరకి మాత్రం వెళ్ళకండి, అక్కడి లైఫ్‌గార్డుకి చెప్పండి. వాటిని కదిలించినా, బెదిరించినా 1972 నాటి చట్టం ప్రకారం అమెరికాలో నేరం.

ఆ వీడియో పిల్లలకి మళ్ళీ పెట్టండి. ఈసారి డొక్క కాదు, ముక్కు దగ్గర పెద్దది చేసి చూపించండి. గీత తెరుచుకోగానే ముందు ఎవరు అరుస్తారో పందెం వేసుకోమనండి.