గోడవార ఇరుక్కున్న పైపు సైజు కాలిపర్ పట్టకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు: పైపు చుట్టూ టేపు తిప్పి, వచ్చిన చుట్టుకొలతను 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం వచ్చేస్తుంది. కాలిపర్ దవడలు పట్టాలంటే పైపుకు రెండు పక్కలా చోటుండాలి. టేపుకైతే వేలు దూరే సందు చాలు. పైగా టేపు చదవడంలో 3 మి.మీ. తేడా వచ్చినా, వ్యాసంలో అది సుమారు 1 మి.మీ.కి తగ్గిపోతుంది.

చెన్నై మణలిలో ఏదో ప్లాంటులో గోడ వెంట పోయే స్టీలు పైపు చుట్టుకొలత 529 మి.మీ. వచ్చిందనుకోండి. భాగిస్తే 168.4. పైపుల పట్టికలో దానికి దగ్గరిది 168.3, అంటే 6 అంగుళాల పైపు. టేపు వంకరగా చుట్టినా, కింద తుప్పు పెచ్చులున్నా లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఇన్సులేషన్ మీద కొలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

చాలామంది తడబడేది ఇక్కడే: 6 అంగుళాలంటే 152.4 మి.మీ. కదా, కొలత తప్పిందేమో అనుకుంటారు. తప్పలేదు. స్టీలు పైపుల్లో 12 అంగుళాల వరకూ ఆ సంఖ్య పేరుకే. బయటి వ్యాసం అంతకంటే ఎక్కువే ఉంటుంది. 14 నుంచి రెండూ ఒకటవుతాయి. షెడ్యూల్ (పైపు గోడ మందాన్ని సూచించే అంకె) 40 అయినా 80 అయినా బయటి కొలత మారదు, మందం లోపలివైపే పెరుగుతుంది. ఆ మందం తేల్చడానికి టేపు పనికిరాదు, శబ్ద తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టాల్సిందే.