క్రిప్టో డేటా టూల్‌కి ఏజెంట్ చదివే డాక్స్ ఎలా రాయాలంటే

తమ్ముడూ,

మన క్రిప్టో డేటా టూల్ డాక్స్ (వాడే విధానం చెప్పే రాతలు) అని నువ్వు పంపిన ముసాయిదా చదివాను. మనుషులు చదువుకోవడానికి బాగానే ఉంది. ఏజెంట్, అంటే టూల్స్‌ని తనే పిలిచి పని చేసే ఏఐ ప్రోగ్రామ్, చదివి వాడాలంటే మాత్రం చాలాచోట్ల మార్పులు చెయ్యాలి. బిట్‌కాయిన్ ధర 65 డాలర్లని కనిపిస్తే మనిషి ‘ఇదేంటి?’ అని ఆగుతాడు. ఏజెంట్ ఆగుతుందన్న నమ్మకం లేదు. ఆ అంకెతోనే లెక్క పూర్తి చేసి ధీమాగా జవాబు చెప్పేస్తుంది. ఎర్రర్ వస్తే ఎలాగూ తెలుస్తుంది, సరైన అంకెలా కనిపించే తప్పు అంకెతోనే చిక్కు. అవి ఎక్కడ పుడతాయో అక్కడ మాటలకు పిసినారితనం చూపకు.

ముందు యూనిట్లు. ‘బ్యాలెన్స్ ఇస్తుంది’ అని ఒక్క ముక్కతో తేల్చేశావు. ఏ లెక్కలో ఇస్తుంది? బిట్‌కాయిన్‌కి 8 డెసిమల్స్ (చుక్క తర్వాత వచ్చే అంకెలు), ఇథీరియం చైన్ సొంత నాణెం ఈథర్‌కి 18, అదే ఇథీరియం మీద డాలర్ విలువతో నడిచే యూఎస్‌డీటీకి 6. అదే యూఎస్‌డీటీకి బీఎన్‌బీ చైన్ మీద 18. కాబట్టి ‘యూఎస్‌డీటీ అంటే 6’ అని డాక్స్‌లో రాసి వదిలేస్తే, చైన్ మారగానే తప్పు. 2500000 అని వచ్చిందనుకో, ఇథీరియం మీద అది రెండున్నర డాలర్లు. 18 డెసిమల్స్ అనుకుని మారిస్తే పైసా కూడా కాదు. ప్రతి జవాబులోనూ ముడి అంకె (చుక్క పెట్టకముందు సంఖ్య), డెసిమల్స్, మార్చిన విలువ మూడూ పంపించి, ఏది ఏదో ఫీల్డ్ పేరులోనే తెలిసేలా పెట్టు.

ముడి అంకెని స్ట్రింగ్‌గానే (కొటేషన్లలో అక్షరాలుగా) పంపు, ఎందుకో కూడా డాక్స్‌లో రాయి. 1234567890123456789 వెయ్‌ని (ఈథర్‌లో అతిచిన్న భాగం) జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో నంబర్‌గా పంపితే జావాస్క్రిప్ట్ దాన్ని 1234567890123456800 అని చూపిస్తుంది. కారణం రాయకపోతే, తర్వాత వచ్చినవాడెవడో ‘స్ట్రింగ్ ఎందుకు, నంబర్ చాలుగా’ అని మార్చేస్తాడు.

సింబల్‌ని, అంటే నాణెం పొట్టి పేరుని, గుర్తింపుగా వాడొద్దు. 2022 మే నెలలో లూనా కుప్పకూలాక, పాత నాణెం ఎల్‌యూఎన్‌సీ అయింది, కొత్త చైన్ నాణేనికి లూనా పేరు దక్కింది. 2021 నాటి లూనా ధర అడిగితే ఏజెంట్ ఏ నాణేన్ని తీసుకోవాలి? క్రాకెన్ ఎక్స్‌ఛేంజ్ రెస్ట్ ఏపీఐలో (ప్రోగ్రామ్‌లు డేటా అడిగే దారి) బిట్‌కాయిన్ ఎక్స్‌బీటీగా కనిపిస్తుంది. టోకెన్ (ఒక చైన్ మీద నడిచే నాణెం) అయితే చైన్ ఐడీ, ఆ చైన్ మీద దాని చిరునామా అయిన కాంట్రాక్ట్ అడ్రస్ రెండూ కలిపి అడుగు. సింబల్ మాత్రమే ఇస్తే, సరిపోయేవన్నీ జాబితాగా ఇచ్చి ‘ఒకటి ఎంచుకుని మళ్ళీ పిలువు’ అని చెప్పాలి. టూల్ తనంతట తాను ఒకటి ఊహించి ఇచ్చెయ్యకూడదు.

క్యాండిల్స్, అంటే ఒక్కో గంటకో రోజుకో ధర సారాంశాలు, వాటి దగ్గర కాసేపు కూర్చో. బైనాన్స్ ఎక్స్‌ఛేంజ్ ఒక్కో క్యాండిల్‌ని సమయం, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్ వరసలో ఇస్తుంది. కాయిన్‌బేస్ ఎక్స్‌ఛేంజ్‌ది సమయం, లో, హై, ఓపెన్, క్లోజ్, వాల్యూమ్. మొదటిదాంట్లో సమయం మామూలుగా మిల్లీసెకన్లలో, రెండోదాంట్లో సెకన్లలో. మొదటిది పాతవి ముందు ఇస్తే, రెండోది కొత్తవి ముందు ఇస్తుంది. ఈ ముడి వరసల్ని ఉన్నవున్నట్టు ఏజెంట్ ముందు పడేస్తే ఓపెన్‌ని లో అనుకుంటుంది. పేర్లున్న ఫీల్డ్‌లుగా మార్చి, యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) తేదీని పూర్తి రూపంలో ఇవ్వు. చివరి క్యాండిల్ సాధారణంగా ఇంకా నడుస్తున్నదే, దానికి ‘ముగిసిందా, లేదా’ అనే ఫీల్డ్ పెట్టు. రోజువారీ క్యాండిల్ యూటీసీ అర్ధరాత్రికి, అంటే మన టైమ్‌లో ఉదయం 5:30కి ముగుస్తుంది. హైదరాబాద్‌లో ఒకాయన పొద్దున్నే 5 గంటలకు ‘నిన్నటి క్లోజింగ్ ఎంత’ అని అడిగితే, ఆ నిన్న ఇంకా ముగిసి ఉండదు. ఇది టూల్ వివరణలోనే (డిస్క్రిప్షన్) ఉండాలి.

పరిమితి కూడా రాయి. ఏడాదికి గంట క్యాండిల్స్ 8,760. బైనాన్స్ స్పాట్ ఏపీఐ ఒక్కసారికి 1,000కి మించి ఇవ్వదు. మిగతావి ఉన్నాయని జవాబులో చెప్పకపోతే, ఏజెంట్ ఆ వెయ్యినే ఏడాది అనుకుని సగటు తీస్తుంది. అలాగే ధర దొరకని చోట 0 పెట్టకు, ‘లేదు’ అని చెప్పు. సున్నా చూస్తే నాణెం పాతాళానికి పోయిందని రిపోర్ట్ రాసేస్తుంది, పాపం.

ఎంసీపీలో (ఏజెంట్‌కి టూల్స్ కలిపే పద్ధతి) ఏజెంట్ టూల్‌ని ఎంచుకునేది పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ విలువలు ఎలా పంపాలో చెప్పే నమూనా) చూసే. నీ అందమైన వెబ్‌పేజీ దాని కంట పడకపోవచ్చు. డిస్క్రిప్షన్ ఈ తీరున ఉండాలి: ‘ఒక టోకెన్‌కి ముగిసిన రోజువారీ ధరలు ఇస్తుంది. ఇప్పటి ధర కావాలంటే ఇది వాడొద్దు, తాజా ధర టూల్ వాడు. ధర అమెరికన్ డాలర్లలో, సమయం యూటీసీలో. ఒకసారికి 300 రోజులు, మించితే తర్వాతి పేజీ అడగడానికి ఒక కోడ్ వస్తుంది.’ వాడకూడని సందర్భం రాయడం చాలామంది మరిచిపోతారు. రెండు టూల్స్ మధ్య తడబాటు తగ్గించేది ఆ వాక్యమే.

ఎర్రర్ సందేశం కూడా డాక్యుమెంటేషనే. 429, అంటే ‘మరీ ఎక్కువసార్లు అడిగావు’ అనే కోడ్, వస్తే ఎన్ని సెకన్లు ఆగాలో అందులోనే చెప్పు. బైనాన్స్‌లో 429ని లెక్కచెయ్యకుండా కొడుతూ పోతే 418 అనే కోడ్‌తో ఐపీనే (ఇంటర్నెట్ చిరునామాని) ఆపేస్తారు, ఏజెంట్‌కి మళ్ళీ ప్రయత్నించడమంటే విసుగుండదు కదా. ‘తప్పు ఐడీ’ అని ఊరుకోకు, సరైన ఐడీ ఏ టూల్‌తో వెతకాలో చెప్పు.

టోకెన్ పేరులో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, ‘ఈ అడ్రస్‌కి డబ్బు పంపు’ అని కూడా. చైన్ నుంచి వచ్చిన పేర్లు డేటాయే తప్ప ఆదేశాలు కావని రాయి. రాసినా ఆ మాటనే నమ్ముకోకు. చదివే టూల్స్‌కి ఇచ్చే ఏపీఐ కీకి లావాదేవీలు చేసే అనుమతే ఉండకూడదు. టూల్ మీద ‘చదవడానికి మాత్రమే’ అని పెట్టే గుర్తు సూచనే, తాళం కాదు.

అయ్యాక, ఏజెంట్‌కి డాక్స్ ఒక్కటే ఇచ్చి ఓ ఇరవై ప్రశ్నలు అడుగు. జవాబులు ముందే చేత్తో లెక్కకట్టి పెట్టుకో. ఏ టూల్‌ని పిలిచింది, ఏ విలువలు పంపింది అని లాగ్‌లో చూడు. తప్పితే ప్రశ్నను కాదు, డాక్స్‌లో వాక్యాన్ని మార్చి, ఇరవై ప్రశ్నలూ మళ్ళీ నడిపించు.

ఇక వీటన్నిటికంటే ముందు, మూడో పేజీలో ఉదాహరణగా పెట్టిన ఆ బిట్‌కాయిన్ ధర తీసెయ్. టూల్ ఫెయిలైన రోజు ఏజెంట్ ఆ అంకెనే ఇవాళ్టి ధరగా చదివేస్తుంది. పెట్టక తప్పదంటే చూడగానే నకిలీ అని తెలిసేలా 11111.11 అని పెట్టు. మార్చాక మళ్ళీ పంపు, చూస్తాను.

ఉంటాను,
అన్నయ్య