అమెరికాలో యజమాని ఒప్పుకోకపోయినా నగరం అతని స్థలాన్ని తనలో కలిపేసుకోవచ్చా?

రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే కలుపుకోవచ్చు. భూమి లాక్కోరు, అది మీదే, మారేది నగరం హద్దు. కానీ దాంతోపాటే నగరం ఆస్తిపన్నూ రూల్సూ వచ్చి పడతాయి, నిన్నటిదాకా అడిగేవాడు లేని పెరటి షెడ్డుకి ఇవాళ పర్మిషన్ కావాలి, మురుగునీటి లైను మాత్రం ఎప్పుడొస్తుందో! అసలు కోపం ఇంకోటి, ఆ కౌన్సిల్‌ని వీళ్లు ఎన్నుకోలేదు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ పక్కనే ఉండే అలెగెనీ నగరం జనంలో ఎక్కువమంది వద్దని ఓటేసినా, రెండు ఊళ్ల ఓట్లూ కలిపి లెక్కేసి పిట్స్‌బర్గ్‌లో కలిపేశారు. అది రాష్ట్రం ఇష్టమని 1907లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే పోరాటం శాసనసభలకి మళ్లింది. టెక్సాస్‌లో 2019 చట్టం తర్వాత, కొన్ని మినహాయింపులు తప్ప, కలపబోయే ప్రాంతంవాళ్ల ఓటో యజమానుల అంగీకారమో లేనిదే కుదరదు.