తలుపు వెనక బియ్యం డబ్బా

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): మాది హన్మకొండ. టీచర్‌ని, 50 ఏండ్లు. అన్న నాకంటే 7 ఏండ్లు పెద్ద, పెండ్లి చేసుకోలేదు. వరంగల్‌లో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. చిల్లర పనులు చేసుకుంటూ, 20 ఏండ్లుగా రాత్రిపూట పాత ఫ్లెక్సీల వెనకవైపు మా చిన్ననాటి ఇంటి బొమ్మలు వేస్తున్నాడు. ఎవరికీ చూపడు. కిరాయికి నెలకు 4,000 నేనే ఇస్తున్నా, మా ఆయనకు ఇష్టం లేదు. మొన్న అన్న లేనప్పుడు ఆ బొమ్మలు చూశాను. అన్నింట్లో బాపు అజంజాహి మిల్లు నుంచి నవ్వుతూ వస్తాడు, నేను ఆయన భుజాల మీద ఉంటాను. తలుపు వెనక బియ్యం డబ్బా కూడా మరవకుండా వేశాడు. నాకు గుర్తున్న బాపు తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. అడిగితే ‘గట్లెప్పుడు జరగలే చెల్లె’ అన్నాడు. నాకే మతి తప్పిందా, అన్నకు జబ్బా? నా బిడ్డ వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతానంటోంది.

జవాబు: మతి తప్పలేదమ్మా. అన్న అబద్ధమాడుతున్నాడనీ నేను అనను. పదోతరగతి కాగానే ఆయన పని నేర్చుకోవడానికి కరీంనగర్ పోయాడని మీరే రాశారు. అప్పటికి మీకు తొమ్మిదేండ్లు ఉంటాయేమో. అన్న చూసిన బాపు సైరన్ మోగగానే జీతంతో ఇంటికొచ్చే కార్మికుడు, మీకు మిగిలిన బాపు ఆ తర్వాతి మనిషి. పైగా జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొంత కొత్తగా అల్లుకుంటుంది. అన్న 20 ఏండ్లుగా రోజూ రాత్రి అదే అల్లుతున్నాడు. మీరు చూసిన దెబ్బలు దాంతో అబద్ధమైపోవు.

బొమ్మలేసి దాచుకోవడం జబ్బు కాదు. వేళకు తింటున్నాడా, నిద్రపోతున్నాడా, మీ ఇంటికొస్తే నలుగురితో మాట్లాడుతున్నాడా, ఇవి చూడండి. మనిషి ముడుచుకుపోయినట్టుంటే ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

పైసల సంగతి. మీ ఆయనతో దాపరికం లేకుండా కూర్చొని, ఎంత ఇవ్వగలరో తేల్చుకోండి. ఆ మొత్తం అన్నకు చెప్పండి. కానీ బాపును సరిగ్గా వేస్తేనే కిరాయి అనే మాట, మనసులో కూడా, పెట్టుకోకండి. అప్పుడది సాయం కాదు, బేరం.

బిడ్డకు గట్టిగా వద్దని చెప్పండి. బొమ్మ ఆయనది, కాపీరైటూ ఆయనదే. బతికున్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏండ్లూ దాని మీద హక్కు ఉంటుంది. మీరు చాటుగా చూసిన సంగతి కూడా ఒప్పుకొని, ఏమనుకోవద్దని అడగండి. నన్నడిగితే, లోకం చూడకపోవడం కంటే బొమ్మలు పాడైపోవడమే నాకు ఎక్కువ భయం. మంచి చెక్క బీరువా కాకపోయినా సరే, నేలకు, తడిగోడకు దూరంగా పెట్టించండి. ఒక్కో బొమ్మ వెనక ఎవరెవరున్నారో ఆయన చేతే రాయించండి. బోర్డులు రాసిన చెయ్యి, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి!

పాడైపోవడమంటే పోతన గుర్తొచ్చాడు. ఆయన ఊరు బమ్మెర మీకు దూరమేం కాదు. భాగవతంలో కొన్ని భాగాలు పాడైపోతే గంగన, సింగన, నారయ తలా కొంత రాసి పూడ్చారు. పోతన పద్యాలను దిద్దలేదు, తమ భాగం తాము రాశారు. మీరూ ఒక నోటుబుక్కు తీసుకోండి. ఆ రాత్రులు, అమ్మ మౌనం, మీరు మంచం కింద దాక్కున్నది, అన్నీ రాయండి. అన్న బొమ్మ మీద గీత గీయకండి.

ఇంకొకటి, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఇదే. అమ్మ కిరాయి పైసలు బాపుకు దొరకకుండా బియ్యం డబ్బాలో దాచేదని రెండో పేజీలో రాశారు. అదే డబ్బా అన్న ప్రతి బొమ్మలోనూ తలుపు వెనకే ఉంది. వంటింట్లో ఉండాల్సింది అక్కడెందుకుంది? ఆదివారం పొద్దున ఆయన గదికి పోయి, ఛాయ్ తాగుతూ, బాపు ఊసు ఎత్తకుండా ఆ డబ్బా గురించి మాత్రం అడగండి. జవాబు చెప్పకపోతే తొందరపెట్టకండి.