నడుమ దించిన బిందె

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. మీ వీధి చప్పుళ్ల మీద రాసుకురమ్మని కాలేజీలో చెప్పారని, "గంటస్తంభం పక్క సందులో వినడానికి ఏటుంది మావయ్యా, రోజూ ఉండే గోలే కదా" అని అడిగావు. ఆ రోజూ ఉండే గోలతోనే నేను 34 ఏళ్లు అన్నం తిన్నాను. రైసు మిల్లు మెకానిక్కుకి కళ్లకంటే ముందు చెవులు కావాలి.

పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రీ నాకో పొడవాటి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. దాని మొన బేరింగు గూడు మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెట్టి వినమన్నాడు. మిల్లంతా దడదడలాడుతున్నా ఆ ఒక్క బేరింగే తలలో మోగుతుంది. బాగున్నది ఒకే తీరుగా గుయ్‌మంటుంది. గ్రీజు అయిపోతే కీచుమంటుంది. లోపలి గుళ్లు అరిగితే ఇసక నమిలినట్టు గరగర. నెల రోజులపాటు ఆయన నా చేత బాగున్న బేరింగులే వినిపించాడు. పాడైనది ఒకటి చూపించమంటే, "మంచిది తెలీనోడికి సెడ్డది ఏటి తెలుస్తాదిరా" అన్నాడు. (నువ్వు సరదాకి కూడా ఈ పని చెయ్యకు. బెల్టుల దగ్గరికి చున్నీ, జడ పోకూడదు.)

అందుకని నువ్వూ వింత చప్పుళ్ల కోసం వెతక్కు. ఒకే చోట, ఒకే వేళకి, 10 నిమిషాలు కూర్చో. మీ హాస్టల్ మేడ మెట్ల మీద తెల్లవారి ఐదున్నరకి అనుకో. మొదటి మూడు రోజులూ విసుగే. నాలుగోనాటికి పాలబ్బాయి బండి స్టాండు వేసే తీరు, ఎదురింటి చీపురు ఎన్ని ఊపులకి ఆగుతుందో తెలిసిపోతాయి. ఆ పైన ఏది రాకపోయినా నీకే తెలుస్తుంది. ఆమదాలవలసలో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా అమ్మ చాలారోజులు పొద్దున్నే లేచి, "ఇంకా కూత రాలేదేటి" అనేది.

రాసేటప్పుడు "శబ్దం వచ్చింది" అని రాయకు. మన భాషలో చప్పుళ్లకి మాటలు కొదవా? తలుపు కిర్రుమంటుంది, ఎండుటాకు గలగలమంటుంది, ఆవాలు చిటపటమంటాయి, తడి బట్ట బండ మీద ధబీమంటుంది. బూడితి ఊళ్లో చేసే కంచు చెంబుని గోటితో కొడితే ఖంగుమని సాగుతుంది, పగులు ఉంటే టక్కుమని చచ్చిపోతుంది. సరైన మాట దొరకలేదంటే ఇంకా సరిగా వినలేదని లెక్క.

ఎందుకలా వినిపిస్తోందో కూడా కాస్త ఆలోచించు. మా ఇల్లు శ్రీకాకుళం రోడ్ స్టేషనుకి 4 కిలోమీటర్లు. పగలు రైలు పోయిన జాడే ఉండదు. శీతాకాలం రాత్రి మాత్రం మన పెరటి వెనకనుంచే పోతున్నట్టుంటుంది. రాత్రి నేల దగ్గర గాలి చల్లగా, పైన కాస్త వెచ్చగా ఉంటుంది. దాంతో పైకి పోవాల్సిన చప్పుడు వంగి మళ్లీ కిందికే దిగుతుంది. చిన్నప్పుడు పట్టాల అతుకుల మీద టకటక, టకటక అని లెక్కపెట్టేవాళ్లం. పట్టాలు వెల్డింగుతో కలిపేశాక అది లైన్లు మారేచోట తప్ప పెద్దగా వినబడదు. మిగతాదంతా ఒకటే హోరు.

ఫోన్లో రికార్డు చెయ్యి గానీ, ముందు విని, ఏది కావాలో తేల్చుకున్నాకే. ఫ్యాను ఆపు. గాలి వీస్తుంటే మైకు మీద పల్చటి రుమాలు కప్పు, లేకపోతే బుసబుస తప్ప ఏమీ రాదు. మొదట్లోనే తేదీ, వేళ, చోటు నీ గొంతుతో చెప్పెయ్. మనుషుల మాటలైతే అడిగి తియ్యి. వీధిలో అమ్మేవాళ్ల కేకలు మాత్రం ఆలస్యం చెయ్యకు. మా వీధికి ఎండు చేపలు తెచ్చే ఆవిడ కేక విని ఆ పూట బేరం బాగుందో లేదో చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆటోకి కట్టిన స్పీకర్లో అందరిదీ ఒకే గొంతు. నాకది చిరాకే.

ఇంత చెవి ఉన్నవాణ్ణి ఇంట్లో చెవిటివాణ్ణయ్యాను. మీ అత్త వీధి కుళాయి నుంచి నీళ్లు తెచ్చేది. ముందు చెప్పుల చప్పుడు, తరవాత గట్టు మీద స్టీలు బిందె దించిన చప్పుడు. ఒక్కసారే. ఒక ఏడు వానాకాలం నుంచి అది రెండుసార్లు వినబడడం మొదలైంది. వేపచెట్టు కింద ఒకటి, గట్టు మీద ఒకటి. నాలుగు నెలలు మంచం మీద పడుకుని రోజూ విన్నాను. మిల్లులో ఏ షాఫ్టుకి ఆ తేడా వచ్చినా ఆ పూటే మెషీను ఆపించేవాణ్ణి. మోకాళ్లు పట్టేసి ఆవిడ మంచం దిగలేకపోయిన రోజున గానీ ఆ నడుమ చప్పుడు ఏమిటో నాకు తట్టలేదు. ముందే చెప్పొచ్చు కదా అంటే, "రోజూ వింటన్నారు గదా, తెలుసనుకున్నాను" అంది.

మీ హాస్టల్లో వంటావిడ నడకా, పక్కగది అమ్మాయి దగ్గూ కూడా నీ నోట్సులో ఉండాలి.

ఇంకోటి, ఇయర్‌ఫోన్స్ సౌండు తగ్గించు. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ 8 గంటలు ఉంటే చెవికి ముప్పు. మేం దూది పెట్టుకుని సరిపోతుందనుకున్నాం, సరిపోలేదు. ముందు పోయేవి సన్నటి చప్పుళ్లే. బస్సు హారన్ నాకు బాగానే వినబడుతుంది. మన పెరట్లో కీచురాళ్లు ఇంకా అరుస్తున్నాయో లేదో మాత్రం తెలీదు. మీ అత్తని అడిగితే ఉన్నాయంటుంది, నా మనసు నొప్పించకూడదని అంటోందేమోనని అనుమానం. దసరాకి వస్తావు కదా, ఒక రాత్రి అరుగు మీద నా పక్కన కూర్చుని విని, ఉన్నదున్నట్టు చెప్పు.

మీ చినమావయ్య